ఉదయగిరి కోట దగ్గర ప్రేక్షకులు కూడా పాల్గొనే నృత్యనాటకం చేయవచ్చా?

ప్రేక్షకులు కుర్చీల్లో కూర్చోకుండా నర్తకుల వెంట నడుస్తూ తామూ పాలుపంచుకునే కూచిపూడి నృత్యనాటకాన్ని ఉదయగిరిలో చేయవచ్చా, మన నెల్లూరు జిల్లా జనం అందులో కలుస్తారా అని మీరు అడిగారు. నెల్లూరులో పిల్లలకు కూచిపూడి నేర్పుతున్న నా అనుభవం మేరకు చెప్పాలంటే, చూసేవాళ్లకు ఒక పాత్ర ఇస్తేనే కలుస్తారు.

న్యూయార్క్‌లో పంచ్‌డ్రంక్ అనే నాటక బృందం 2011లో మొదలుపెట్టి 2025 జనవరి వరకు నడిపిన ‘స్లీప్ నో మోర్’ ప్రదర్శనను మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ కథను దాదాపు మాటలు లేకుండా, నృత్యంతోనే, అనేక అంతస్తుల్లో ఒకేసారి ఆడేవారు. వచ్చినవాళ్లకు తెల్లని ముసుగులు తొడిగి, మాట్లాడవద్దని చెప్పి, నచ్చిన పాత్ర వెంట పోనిచ్చేవారు. పాతకాలపు హోటల్‌లా కనిపించే ఆ భవనం నిజానికి గోదాములను అలా తీర్చిదిద్దినది. ముసుగు అక్కడి వాళ్ల బిడియం పోగొట్టింది. మన ఊళ్లలో ముసుగు వేసుకున్నా నడకను బట్టి పోల్చుకుని ‘ఎప్పుడొచ్చావమ్మా’ అని పలకరిస్తారు!

మన జనానికి బాగా తెలిసినది ఊరేగింపు. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుంచి ఉదయగిరిని 1514లో గెలుచుకుని, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, 1515లో ప్రతిష్ఠించాడు. దేవుణ్ణి సాగనంపే ఆ ఊరివాళ్లుగా ప్రేక్షకులను నిలబెడితే కథ ఆ నేలదే అవుతుంది, కొత్తగా గోడలు అలంకరించే పనీ ఉండదు. మా శిష్యురాళ్లతో ఒక పాత మండపంలో ఈ ఘట్టాన్ని చిన్నగా ఆడించినప్పుడు, ‘ఎటైనా తిరగండి’ అన్నంతసేపూ పెద్దవాళ్లు స్తంభాలకు ఆనుకునే ఉన్నారు. చేతికి హారతి పళ్లెం ఇచ్చి పల్లకి కదులుతోందని చెప్పగానే ఎవరూ పిలవకుండానే వెనుక నడిచారు. సత్యభామ కథను ఆడే కూచిపూడి నాటకం భామాకలాపంలో ఆమె చెలికత్తె మాధవి పాత్ర కథలో ఉంటూనే సభ వైపు తిరిగి ముచ్చటించే వీలున్నది కదా, అటువంటి పాత్ర ఒకటి జనం మధ్యనే ఉంటే దారి చూపడం తేలిక.

అన్నిటికన్నా కష్టమైనది సంగీతం. గాయకులు, మృదంగం ఒకచోట కూర్చుంటే పక్క మండపంలోని నర్తకికి తాళం అందదు. రికార్డు పెడితే జనం ఆలస్యంగా కదిలినా పాట ఆగదు. వీధి భాగవతంలో వంతలవాళ్లు, అంటే వంత పాడేవాళ్లు, వెనుకే నిలబడి పాడినట్లు, మృదంగాన్ని మెడకు తగిలించుకుని వెంట నడవడమే మేలనిపించింది. మైకులు వద్దు, రాతి మండపంలో గజ్జెల చప్పుడే జనాన్ని తనవైపు లాగుతుంది.

జనాన్ని కోట ఉన్న కొండపైకి ఎక్కించే ఆలోచన మానుకుని, కింద ఉన్న పాత ఆలయ మండపాల వైపు చూడండి. వేసవి వద్దు, ఎండకు కాగిన బండ మీద చీకటి పడ్డాక కూడా ఒట్టి కాళ్లతో ఆడలేరు. పురావస్తు శాఖ అనుమతి అడిగేటప్పుడు మేకులు కొట్టబోమని, నూనె దీపాలు స్తంభాలకు దూరంగా ఉంచుతామని, ఒక్కో విడతకు ముప్పై మందికి మించి రానివ్వమని దరఖాస్తులోనే రాయండి.