టెక్ సందేహాలు: ఎదుటివారి ముక్కలు చదివే సాఫ్ట్‌వేర్ ఉందా?

ఈసారి వచ్చిన సందేహాల్లో పోకర్ గురించినవే ఎక్కువ. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఆన్‌లైన్ పోకర్‌లో ఎదుటి ఆటగాళ్ల ముక్కలు చూపిస్తామంటూ ఒక యాప్ ప్రకటన వచ్చింది. నిజంగా పనిచేస్తుందా?

పనిచేయదు. దయచేసి ఇన్‌స్టాల్ చేయకండి. ముక్కలు కలపడం, పంచడం అంతా ఆట నడిపేవారి సర్వర్‌లోనే జరుగుతుంది. మీ ఫోన్‌కు వచ్చేవి మీ రెండు ముక్కలు, టేబుల్ మీద తెరిచిన ముక్కలు, అంతే. ఎదుటివాళ్లవి షోడౌన్ (చివర్లో ముక్కలు తెరిచి చూపడం) దాకా మీ ఫోన్‌లోకే రావు. రాని సమాచారాన్ని ఏ యాప్ అయినా ఎక్కడి నుంచి తెస్తుంది?

అలా చదవగలిగిన సందర్భం ఒకటి ఉంది కాబట్టి చెబుతాను. 1999లో ఒక పోకర్ సాఫ్ట్‌వేర్ తయారీదారులు తమ ఆటలో మోసం లేదని చూపించడానికి ముక్కలు కలిపే పద్ధతిని బయటపెట్టారు. 52 ముక్కలు ఎన్ని వరసల్లో ఉండవచ్చో లెక్కిస్తే 68 అంకెల సంఖ్య వస్తుంది. ఆ ప్రోగ్రామ్ మాత్రం అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చూసి, ఆ సంఖ్య ఆధారంగా పేక కలిపేది. రోజు మొత్తానికి మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలే. దాన్ని పరిశీలించిన భద్రతా నిపుణులు తమ గడియారాన్ని సర్వర్ గడియారంతో సరిచూసుకుని, ఆ సంఖ్యను సుమారు 2 లక్షలకు దించారు. ఆపైన తమ రెండు ముక్కలు, ఫ్లాప్‌లోని (టేబుల్ మీద మొదట తెరిచే) మూడు తెలియగానే మిగతా అందరి ముక్కలూ తెలిసిపోయాయి. ఆ లోపం కలిపే పద్ధతిలో ఉంది, ఆ పద్ధతిని తయారీదారులే లోకానికి చెప్పారు. ప్రకటనలో కనిపించే యాప్‌కు అలాంటి దారి ఏదీ లేదు.

ఉన్న ప్రమాదం వేరు. 2015లో ఈసెట్ అనే భద్రతా సంస్థ ఓడ్‌లానర్ అనే ట్రోజన్‌ను (మామూలు ప్రోగ్రామ్‌లా నటించే హానికర సాఫ్ట్‌వేర్‌ను) బయటపెట్టింది. పోకర్ కాలిక్యులేటర్ల వంటి ప్రోగ్రాముల ఇన్‌స్టాలర్లతో పాటు అది కంప్యూటర్‌లో చేరేది. ఆడుతున్నవారి స్క్రీన్‌ను ఫొటో తీసి దాడి చేసేవారికి పంపేది. అంటే ఆటలో సాయం కోసం దించుకున్న ప్రోగ్రామ్ మీ ముక్కల్ని ఇంకొకరికి చూపించేది. మీరు ఇప్పటికే అలాంటి యాప్ పెట్టుకుని ఉంటే తీసేయండి. యాక్సెసిబిలిటీ, స్క్రీన్ రికార్డింగ్ అనుమతులు ఏ యాప్‌లకు ఉన్నాయో చూడండి. పాస్‌వర్డ్‌లు మాత్రం వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి.

ప్రశ్న: నాకు మోసం వద్దు, నేర్చుకోవాలి. ఎదుటివాడి దగ్గర ఏముందో నేను వేసే అంచనా దాదాపు ప్రతిసారీ తప్పుతోంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక అలవాటు మార్చుకోవాలి. "వాడి దగ్గర ఆసు-రాజు ఉంది" అని ఒకే చేతి (అంటే రెండు ముక్కల జోడీ) మీద మనసు పెట్టుకుంటున్నారు, అందుకే తప్పుతోంది. హ్యాండ్ రీడింగ్ అంటే ఒక్క చేతిని కనిపెట్టడం కాదు. ఉండగలిగిన చేతులన్నీ ముందు రాసుకుని, అతను చేసే ప్రతి పనికీ కొన్నిటిని కొట్టేస్తూ రావడం. ఆ జాబితానే రేంజ్ అంటారు.

ఎక్సెల్ లాంటి ఏ స్ప్రెడ్‌షీట్ అయినా చాలు. 13 అడ్డం, 13 నిలువు గళ్లు గీయండి. మొత్తం 169 గళ్లు. మూల నుంచి మూలకు వెళ్లే 13 గళ్లు జతలు. వాటి పైన ఉన్న 78 గళ్లు ఒకే గుర్తు ఉన్న చేతులు, కింద ఉన్న 78 వేర్వేరు గుర్తులవి. గళ్లన్నీ సమానం కాదు. ఒక జత 6 రకాలుగా రావచ్చు. ఒకే గుర్తు చేయి 4 రకాలుగా, వేర్వేరు గుర్తులది 12 రకాలుగా రావచ్చు. అన్నీ కలిపితే 1326. ఈ 6, 4, 12 అనే అంకెలు నోటికి వచ్చేయాలి. మిగతా లెక్కంతా వీటి మీదే నిలబడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. జాగ్రత్తగా ఆడే వ్యక్తి మొదటి సీట్లలో కూర్చుని రైజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. 7ల జత నుంచి పైన ఉన్న జతలన్నీ, ఆసు-రాజు ఎలా ఉన్నా, ఆసు-రాణి, ఆసు-జాకీ ఒకే గుర్తువైతేనే, ఇదీ అతని రేంజ్ అనుకోండి. లెక్కేస్తే 72 చేతులు, 1326లో అయిదున్నర శాతం లోపే. మీరు రాజు-రాణితో కాల్ చేశారు, అంటే అతనితో సమానంగా పందెం కట్టారు. టేబుల్ మీద రాజు, 8, 3, తర్వాత 7 (దీన్ని టర్న్ అంటారు), చివరికి 2 (ఇది రివర్) వచ్చాయి. ఫ్లష్‌కు అవకాశం లేదు. అతను మూడుసార్లూ బెట్ చేశాడు.

ఇప్పుడు కొట్టేయడం మొదలుపెట్టండి. ఒక రాజు మీ దగ్గర, ఒక రాజు టేబుల్ మీద ఉన్నాయి. కాబట్టి అతనికి రాజుల జత ఒకే రకంగా, ఆసు-రాజు 8 రకాలుగా మాత్రమే రాగలవు. 8ల జత 3, 7ల జత 3, ఆసుల జత 6. మిమ్మల్ని ఓడించేవి మొత్తం 21. మీ కంటే బలహీనమైనవాటిలో 9లు, 10లు, జాకీలు, రాణుల జతలు 21 ఉన్నాయి. అయితే టేబుల్ మీద రాజు ఉండగా అలాంటి జతతో జాగ్రత్తపరుడు మూడుసార్లు బెట్ చేయడం అరుదు. ఎక్కడో ఒకచోట చెక్ చేస్తాడు, అంటే పందెం కట్టకుండా వదిలేస్తాడు. వాటిని తీసేయండి. మిగిలిన బ్లఫ్‌లు (బలం లేకున్నా బెట్ చేసే చేతులు) ఆసు-రాణి 3, ఆసు-జాకీ 4. అంటే 28 చేతుల్లో 7 సార్లు మీరు గెలుస్తారు, సరిగ్గా 25 శాతం. అతను చివర్లో పాట్‌లో (పోగైన పందెం సొమ్ములో) సగం బెట్ చేస్తే, మీరు కట్టేది మొత్తంలో నాలుగో వంతు కాబట్టి కాల్‌కు కావలసింది 25 శాతం, లాభం లేదు, నష్టం లేదు. పాట్ అంత బెట్ చేస్తే 33 శాతం కావాలి, ఫోల్డ్ చేయాలి (ముక్కలు వదిలేయాలి). చూశారా, అతని చేతిలో కచ్చితంగా ఏముందో మనం ఎక్కడా తేల్చలేదు. అయినా ఏం చేయాలో తేలింది.

ఇలాంటి లెక్క చకచకా చేసుకోవడానికి ఈక్విల్యాబ్, ఫ్లాప్‌జిల్లా వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. ఆట ముగిశాక వాడటానికి మంచివి. కానీ మొదటి నెల కాగితం మీదో స్ప్రెడ్‌షీట్‌లోనో మీరే చేయండి. నేను నేర్చుకునేటప్పుడు నేరుగా ప్రోగ్రామ్‌కు అలవాటుపడ్డాను. టేబుల్ దగ్గర కూర్చుంటే బుర్ర ఖాళీగా ఉండేది.

సాధన ఇలా చేయండి. షోడౌన్ దాకా వెళ్లిన పాత ఆటల హ్యాండ్ హిస్టరీ (ఆట మొత్తం రాసి ఉండే ఫైల్) దించుకుని, ఎదుటివాడి ముక్కలు కనబడకుండా ఆ వరస దాచండి. ఫ్లాప్‌లో, టర్న్‌లో, రివర్‌లో అతని రేంజ్ రాయండి. తర్వాత తెరిచి చూడండి. అసలు చేయి మీ రేంజ్‌లో ఉందా? లేకపోతే ఏ దశలో దాన్ని కొట్టేశారు? ఆ దశ పేరు పక్కన ఒక గడిలో రాసుకోండి. యాభై చేతులు పూర్తయ్యేసరికి ఒకే దశ పదేపదే కనిపించవచ్చు. అక్కడే మీ బలహీనత ఉంది.

ప్రశ్న: హెచ్‌యూడీ (ఎదుటివారి గణాంకాలను ఆట స్క్రీన్ మీదే చూపే ప్రోగ్రామ్) పెట్టుకున్నాను. ఒకతను 30 శాతం చేతులు ఆడతాడని చూపిస్తోంది. నమ్మవచ్చా?

ఎన్ని చేతులు (ఇక్కడ చేయి అంటే ఒకసారి ముక్కలు పంచి ఆడిన ఆట) చూసి ఆ అంకె చెబుతోందో చూడండి. 40 చేతులే అయితే అసలు విలువ 16 నుంచి 44 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 16 శాతం వాడు బాగా బిగించి ఆడేవాడు, 44 శాతం వాడు దొరికిందల్లా ఆడేవాడు. వెయ్యి చేతుల తర్వాత ఆ తేడా మూడు శాతం అటూ ఇటూకు తగ్గుతుంది. మళ్లీ రైజ్ చేయడం, రివర్‌లో ఫోల్డ్ చేయడం వంటివి అరుదుగా జరుగుతాయి, వాటికి ఇంకా ఎక్కువ చేతులు కావాలి. కాబట్టి హెచ్‌యూడీ సెట్టింగ్స్‌లో శాతం పక్కన చేతుల సంఖ్య కూడా కనిపించేలా పెట్టుకోండి. కొన్ని సైట్లు హెచ్‌యూడీలను అనుమతించవు, నిబంధనలు చదివాకే వాడండి.

ప్రశ్న: రెండో స్క్రీన్‌లో సాల్వర్ (ఎలా ఆడాలో లెక్కించే ప్రోగ్రామ్) తెరిచి పెట్టుకుని ఆడితే తప్పా?

తప్పే. ఆడుతుండగా సాల్వర్ సలహా తీసుకోవడం మోసం. సైట్లు నిషేధించాయి, ఖాతా పోతుంది. పైగా మీరు అనుకుంటున్న పని అది చేయదు. సాల్వర్ ఎదుటివాడిని చదవదు. ఇద్దరి రేంజ్‌లూ మీరే ఇవ్వాలి. వాటి మధ్య, తన ఆట ఒక్కటే మార్చుకుని ఎవరూ అదనపు లాభం పొందలేని సమతుల్యమైన ఆటను అది లెక్కిస్తుంది. మీరిచ్చిన రేంజ్ తప్పయితే జవాబు కూడా తప్పే, మీ ఎదుట ఉన్న మనిషికి అది వర్తించదు.

2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్లతో, ఒక్కొక్కరితో విడివిడిగా, 20 రోజుల్లో లక్షా 20 వేల చేతులు ఆడి గెలిచింది. 2019లో అక్కడివారే ఫేస్‌బుక్ పరిశోధకులతో కలిసి చేసిన ప్లూరిబస్ ఆరుగురి ఆటలోనూ నెగ్గింది. ఈ రెండూ ఎదుటివాళ్ల ముఖాలు చూడలేదు, ఎవరి మనసూ చదవలేదు. తమ చేతులన్నిటినీ కలిపి ఏది ఎంత తరచుగా ఆడాలో లెక్కేసుకున్నాయి. ఇంట్లో చదువుకునేటప్పుడు సాల్వర్ నుంచి నేర్చుకోదగ్గది ఇదే. ఇలాంటి చోట సరిగ్గా ఆడేవాడు ఏయే చేతులతో బ్లఫ్ చేస్తాడో చూసి పెట్టుకోండి. మీ ప్రత్యర్థి దానికి ఎంత దూరంలో ఆడుతున్నాడో అప్పుడు కనబడుతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఎదుటివాడు ఎక్కువసేపు ఆలోచిస్తే చేయి బలహీనమనా?

ఒక్కసారి చూసి ఏమీ అనుకోకండి. నెట్ నెమ్మదించి ఉండవచ్చు, అతను ఒకేసారి నాలుగు టేబుళ్లలో ఆడుతూ ఉండవచ్చు. అతను మామూలుగా ఎంతసేపట్లో ఆడతాడో ముందు గమనించండి. దానికి భిన్నంగా చేసినప్పుడు నోట్స్‌లో రాసి, ఆ చేయి షోడౌన్‌కు వస్తే ముక్కలు కూడా పక్కనే రాసుకోండి. ఒకే మనిషి మీద అలాంటివి అయిదారు పోగయ్యాక చదవడం మొదలుపెట్టవచ్చు.