క్రిస్మస్ సెలవుల్లో మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్దామనుకుంటున్న మన పిల్లలకి

పైడితల్లమ్మ పండక్కని విజయనగరం వచ్చాను, సిరిమాను తిరిగిన మర్నాడే ఎదురింటి పిన్నిగారు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు, లైన్లో వాళ్ల అబ్బాయి, మ్యూనిక్ వెళ్లి ఏడాది అయింది. "అక్కా, క్రిస్మస్ సెలవులకి అమ్మా నాన్నా వస్తున్నారు, ఆస్ట్రియాలో గానీ స్విట్జర్లాండ్‌లో గానీ ఒక రోజు స్కీయింగ్ ట్రిప్ బుక్ చేద్దామనుకుంటున్నా, ఎప్పుడూ మంచు ముట్టుకోనోళ్లకి అవుద్దా?" అని. అవుద్ది బాబూ, నిక్షేపంగా అవుద్ది. రాజాం, టెక్కలి, చింతలవలస కాలేజీల్లో చదివి అటు వచ్చే గుంటలు ఏటేటా పెరుగుతున్నారు, వచ్చిన మొదటి చలికాలం అందరిదీ ఇదే ప్రశ్న, అందుకే నాకు తెలిసింది మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ముందు ఒకటి తేల్చుకోండి. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే కొండకి టికెట్ తీసుకుంటే అది స్కీయింగ్ కాదు. రైల్లో 3454 మీటర్ల ఎత్తుకి వెళ్లి మంచు చూసి ఫొటోలు దిగి రావడం అది, అక్కడిదే టిట్లిస్ అనే ఇంకో కొండకి కేబుల్ కార్లో వెళ్లొచ్చేది కూడా దాదాపు అంతే, చాలామంది ఇంటికి ఫోన్ చేసి స్కీయింగ్ చేశామని చెప్పేది ఇదే. నేను చెప్పేది బిగినర్స్ డే ట్రిప్ గురించి, అంటే పొద్దున్నే బస్సులోనో రైల్లోనో తీసుకెళ్లి, గైడ్ దగ్గరుండి అద్దె షాపులో బూట్లూ, వాటికి బిగించే పొడుగాటి పలకలు, అదే స్కీలూ ఇప్పించి, రెండు మూడు గంటలు ఇన్‌స్ట్రక్టర్ నేర్పించి, మధ్యాహ్నం మనల్ని ప్రాక్టీస్ చేసుకోనిచ్చి, చీకటి పడేలోపు బయల్దేరదీసి తిరిగి ఊళ్లో దింపేది. జ్యూరిక్ నుంచి, ఇంటర్‌లాకెన్ నుంచి, మ్యూనిక్ నుంచి, ఇన్స్‌బ్రుక్ నుంచి ఇలాంటివి దొరుకుతాయి.

బుక్ చేసేటప్పుడు అందరూ చూసేది రేటూ, ఫొటోలో కొండ ఎంత బాగుందీ అని. నన్నడిగితే కొండ సంగతి వదిలేయండి, మీరు డబ్బులిచ్చేది ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి. మొదటి రోజు మీరు తిరిగేది ప్రాక్టీస్ స్లోప్ మీదే, అది ఫుట్‌బాల్ గ్రౌండంత కూడా ఉండదు, వెనకాల ఆల్ప్స్‌లో ఏ శిఖరం ఉన్నా మీ కళ్లు స్కీల కొసల మీదే ఉంటాయి. కాబట్టి అడగాల్సినవి అడగండి, క్లాసు ఎన్ని గంటలు, ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, ఇంగ్లీషులో చెప్తారా, ప్రాక్టీస్ ఏరియాలో మనల్ని వాలు పైకి చేర్చే లిఫ్టు టికెట్ కలిపే ఉందా, హెల్మెట్ అద్దె ఇందులోనే ఉందా, మంచు లేకపోయినా గాలి బాగా వేసి లిఫ్టులు ఆపేసినా డబ్బులు వెనక్కిస్తారా. కొన్ని ట్రిప్పుల్లో పేరుకి బిగినర్ అని ఉంటుంది, లోపల చూస్తే బస్సూ లిఫ్టు పాసూ తప్ప క్లాసు ఉండదు, అది మీకొద్దు. ఆస్ట్రియాలో పెద్ద స్కీ ఏరియాల్లో మొత్తం కొండకి రోజు పాస్ 70 యూరోలు దాటిపోయింది, మొదటి రోజు ఆ పాస్‌తో మీకు పని లేదు, ప్రాక్టీస్ లిఫ్టులకి విడిగా తక్కువలో టికెట్ ఉంటుంది. జాకెట్, ప్యాంటు, గ్లవ్స్, గాగుల్స్, మధ్యాహ్నం తిండి మాత్రం మామూలుగా మనవే.

ఇంతా ఎందుకు, మా రూమ్మేట్‌కి వచ్చు, వాడే నేర్పిస్తాడు అంటారు కొందరు. దయచేసి అలా వెళ్లొద్దు. వాడు మంచోడే, కాదనను, కానీ వాడికి కిందకి దిగడం వచ్చు, నేర్పించడం రాదు. పైగా బోరు కొట్టి గంటలో మిమ్మల్ని గొండోలా, అంటే తీగ మీద వెళ్లే పెట్టె, ఎక్కించి పైకి తీసుకెళ్లిపోతాడు, "బ్లూనే కదరా, ఈజీ" అంటాడు. స్లోప్ ఎంత కష్టమో చెప్పే ఈ రంగుల గురించి కూడా చెప్పాలి, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, జర్మనీల్లో బ్లూ అంటే తేలిక, రెడ్ మధ్యరకం, బ్లాక్ కష్టం. ఫ్రాన్స్‌లో బ్లూ కన్నా తేలికగా గ్రీన్ ఒకటి ఉంటుంది. అదే అమెరికా, కెనడాల్లో అయితే గ్రీన్ గుండ్రం తేలిక, బ్లూ చతురస్రం మధ్యరకం, అందుకని టెక్సాస్‌లో ఉన్న కజిన్ చెప్పిన లెక్క యూరప్‌లో పనిచెయ్యదు. ఎక్కడైనా సరే, ఆగడం రాని మనిషికి బ్లూ కూడా తేలిక కాదు. పైన నిలబడి కిందకి చూస్తే కాళ్లు వణుకుతాయి, వెనక నుంచి జనం దూసుకొస్తుంటారు, స్కీలు విప్పి చేత్తో పట్టుకుని అంచునే నడిచి దిగాల్సొస్తుంది, ఆ బూట్లతో అదో నరకం.

బట్టల విషయం. మనం పుట్టి పెరిగింది కాటన్‌లో, పొందూరు ఖద్దరు ఎండాకాలం ఒంటికి అంత హాయిగా ఉండేది చెమట పీల్చుకుంటుంది కాబట్టే, సరిగ్గా ఆ గుణమే మంచులో మన కొంప ముంచుతుంది. కాటన్ బనీను తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని వేడంతా లాగేస్తుంది. లోపల పాలిస్టర్ థర్మల్సో ఉన్నివో, దాని మీద ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్టూ స్కీ ప్యాంటూ. జీన్స్ వద్దే వద్దు, మోకాళ్ల దాకా తడిసి బిగుసుకుపోతాయి. ఇవన్నీ విజయనగరంలో కొనిపించి సూట్‌కేసుల్లో మోయించకండి, మన దగ్గర దొరికే స్వెటర్లూ మంకీ క్యాపులూ మన చలికి సరిపోతాయి, మంచులో పడి లేవడానికి కాదు. డెకాత్లాన్‌లో చవగ్గా దొరుకుతాయి, చలికాలం ముందు ఆల్డీ, లిడిల్ సూపర్‌మార్కెట్లలో కూడా స్కీ బట్టలు పెడతారు, లేదంటే అద్దె షాపుల్లోనే జాకెట్టూ ప్యాంటూ కూడా చాలాచోట్ల ఇస్తారు. గ్లవ్స్ మాత్రం వాటర్‌ప్రూఫ్‌వి సొంతంగా కొనుక్కోండి, అల్లిన ఉన్ని గ్లవ్స్ మొదటి పదిసార్లు పడేసరికి ముద్దయిపోతాయి.

సన్‌స్క్రీన్ కూడా. చల్లగా ఉంటే ఎండ ఏం చేస్తుంది అనుకుంటాం. వెయ్యి మీటర్లు పైకి వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పదిశాతం దాకా పెరుగుతాయి, కొత్తగా పడిన మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, అంటే ఎండ పైనించీ వస్తుంది, కిందనించీ వస్తుంది. మందస వైపు వెళ్తే కనిపించే మహేంద్రగిరి 1501 మీటర్లు, ఆల్ప్స్‌లో చాలా లిఫ్టులు అంతకన్నా పైకే వెళ్తాయి. ముక్కు కిందా గెడ్డం కిందా కూడా రాసుకోండి, కళ్లకి గాగుల్స్ గానీ మంచి నల్ల కళ్లద్దాలు గానీ లేకుండా మంచు మీద నిలబడకండి.

ఇక అద్దె షాపు, ఇక్కడే సగం రోజు బాగుపడేదీ పాడయ్యేదీ. కౌంటర్ దగ్గర ఎత్తు, బరువు, వయసు, స్కీయింగ్ వచ్చా రాదా అని అడుగుతారు. బరువు సిగ్గుపడి తగ్గించి చెప్పకండి అమ్మాయిలూ, స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగు ఎంత జోరు మీద ఊడాలో ఆ లెక్కతోనే బిగిస్తారు, తక్కువ చెప్తే అక్కర్లేనప్పుడే ఊడిపోయి పడిపోతారు, ఎక్కువ చెప్తే పడ్డప్పుడు ఊడాల్సినది ఊడదు, మోకాలు మెలిపడుతుంది. బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. సాక్సు ఒక్క జతే, పల్చటివి, మోకాలి దాకా ఉండేవి, చలని రెండు జతలేస్తే మడతలు పడి నొక్కుకుని రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. థర్మల్ ప్యాంటు అంచు బూటులోపలికి వెళ్లకూడదు, బూటులో సాక్సు తప్ప ఏమీ ఉండకూడదు. కాలు పెట్టాక మడమని నేలకేసి రెండుసార్లు గట్టిగా తట్టండి, అప్పుడు మడమ వెనక్కి కూర్చుంటుంది, తర్వాత బకిల్స్ పెట్టుకుని మోకాళ్లు ముందుకి వంచి చూడండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచగానే కొంచెం వెనక్కి రావాలి, మడమ మాత్రం లేవకూడదు. మోకాలి కింద ముందువైపు ఎముక బూటు నాలుకకి ఆనుకోవాలి. నొప్పి వేరు బిగువు వేరు, బిగువుగానే ఉండాలి, నొప్పొస్తే అక్కడే చెప్పి మార్పించుకోండి, వెనకాల క్యూ ఉందని మొహమాటపడకండి, గైడ్‌తో వెళ్లేది ఇందుకే.

స్లోప్ మీద మొదట ఒక్క కాలికే స్కీ పెట్టి తిప్పుతారు, చేతిలో పోల్స్, అంటే ఊతకర్రలు, చాలామంది ఇవ్వరు, అవి తర్వాత. రెండో కాలికి కూడా పెట్టి మొదటిసారి కదిలినప్పుడు కళింగపట్నం తీరంలో అల వెనక్కి వెళ్తుంటే కాళ్ల కింద ఇసక జారిపోయినట్టు ఉంటుంది, శరీరం తనంతట తనే వెనక్కి వాలుతుంది. అదే చెయ్యకూడనిది. వెనక్కి వాలితే స్కీలు మీ మాట వినవు, భయమేసినా సరే ముందుకే, చేతులు ముందు, చూపు ముందు. ఆగడానికి నేర్పేది ముందు కొసలు దగ్గర చేసి వెనక కొసలు విశాలంగా తెరవడం, ఇన్‌స్ట్రక్టర్లందరూ పిజ్జా ముక్క అంటారు దాన్ని, లోపలి అంచుల మీద బరువేస్తే మంచు గీసుకుని స్కీ నెమ్మదిస్తుంది. ముందు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కనివ్వకండి. పడిపోతున్నాననిపిస్తే పక్కకి కూర్చున్నట్టు పడండి, చేతులు నేలకి ఆనించి ఆపుకోవాలని చూస్తేనే మణికట్లు పోతాయి. లేవాలంటే ముందు స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, మీకు కిందివైపుకి తెచ్చుకోండి, లేకపోతే లేచిన క్షణమే మళ్లీ జారిపోతారు. లేవలేకపోతే ఒక స్కీ విప్పేయండి, పర్లేదు.

పైకి ఎక్కడానికి మ్యాజిక్ కార్పెట్ ఉంటుంది, నెమ్మదిగా కదిలే బెల్టు, దాని మీద మోకాళ్లు వంచి ఊరికే నిలబడ్డమే, పైకి చేరగానే ఆగకుండా పక్కకి తప్పుకోండి, వెనకున్న పిల్లలు వచ్చి మీద పడతారు. టీ ఆకారంలో కర్ర వచ్చి వెనక తగిలే లిఫ్టు ఒకటుంది, దాని మీద కూర్చోకూడదు, అది మిమ్మల్ని లాక్కెళ్తుంది అంతే, కూర్చుంటే కింద పడతారు. స్లోప్ మీద నడవడిక గురించి ఎఫ్‌ఐఎస్ అనే అంతర్జాతీయ స్కీ సంఘం పది నియమాలు పెట్టింది, మీకు ముఖ్యమైనవి రెండు, ముందున్న మనిషిది దారి, వెనకనించి వచ్చేవాళ్లే తప్పించుకోవాలి, ఇంకొకటి దారి మధ్యలో ఆగకూడదు, ఆగాలంటే అంచుకి రండి.

మధ్యాహ్నం మూడయ్యేసరికి తొడలు వణకడం మొదలవుద్ది, స్లోప్ మీద మంచు కూడా అప్పటికి కుప్పలు కుప్పలుగా అయిపోతుంది. ఆఖరి రౌండ్ అని మాత్రం వెళ్లకండి. బస్సుకి గంట టైమున్నా సరే స్కీలు ఇచ్చేసి వేడిగా ఏదైనా తాగి కూర్చోండి.

ఇప్పుడు కాగితాలు, ఇది నేను గట్టిగా చెప్తాను. ఆస్ట్రియా పక్కనే కదా అని రూమ్‌లో పాస్‌పోర్టు వదిలేసి వెళ్లొద్దు, తిరిగొచ్చేటప్పుడు జర్మనీ సరిహద్దులో బస్సులాపి చూస్తున్నారు, పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఒరిజినల్స్ ఉండాలి. జర్మనీ ప్రభుత్వ బీమా కార్డు వెనకవైపు యూరప్ హెల్త్ కార్డు ఉంటుంది, ఆస్ట్రియాలో ఆసుపత్రి వరకూ పనికొస్తుంది, స్విట్జర్లాండ్‌లో మాత్రం ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న మనకి అది చెల్లదు, పైగా ఎక్కడైనా సరే కొండ మీదనించి మిమ్మల్ని కిందకి దింపే ఖర్చుకీ హెలికాప్టర్‌కీ దాన్ని నమ్ముకోకండి. విదేశీ ప్రయాణ హెల్త్ పాలసీ ఏడాదికి పది ఇరవై యూరోల్లో వస్తుంది, అందులో రెస్క్యూ ఖర్చు ఉందో లేదో చదివి తీసుకోండి. మీవల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే అన్న భయానికి ప్రైవేట్ లయబిలిటీ పాలసీ ఉండాలి, జర్మనీలో చాలామందికి ఉంటుంది. ఇటలీ వైపు వెళ్తే 2022 జనవరి నుంచి ఇది చట్టప్రకారం తప్పనిసరి, 2025 నవంబర్ నుంచి పెద్దవాళ్లక్కూడా హెల్మెట్ తప్పనిసరి. చట్టం ఉన్నా లేకపోయినా హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. ఫోన్లో అత్యవసరానికి 112 ఈ దేశాలన్నిట్లోనూ పనిచేస్తుంది, ఆస్ట్రియాలో పర్వత రక్షక దళానికి 140, స్విట్జర్లాండ్‌లో రేగా అనే రక్షణ సంస్థ హెలికాప్టర్‌కి 1414.

అమ్మానాన్నల మాట. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తీసుకుంటారు కదా, అది ఉంది కాబట్టి అన్నీ కవరవుతాయనుకోకండి, చాలా పాలసీల్లో చలికాలం ఆటలు మినహాయించేస్తారు, ఏజెంట్‌ని ఫోన్లో కాదు, పాలసీ కాగితంలో చూసి అడగండి. మోకాళ్ల నొప్పులూ బీపీ ఉన్న పిన్నిగారిని స్కీల మీద నిలబెట్టాల్సిన అవసరం ఏమీ లేదు. వాళ్లకి మంచులో నడిచే చదునైన దారులు ఆ ఊళ్లలోనే ఉంటాయి, ఆ ట్రిప్పుల్లోనే స్కీయింగ్ చెయ్యనివాళ్లకి విడిగా టికెట్ ఉంటుంది, స్విట్జర్లాండ్‌లో గ్రిండెల్‌వాల్డ్ లాంటి చోట కేబుల్ కార్లో పైకెళ్లి చూసి రావచ్చు. చీర మీద స్వెటరేసుకుని మాత్రం వద్దు, కింద థర్మల్సూ ప్యాంటూ, కాళ్లకి జారని అడుగున్న బూట్లూ ముందే కొనివ్వండి. మందులు హ్యాండ్‌బ్యాగులో.

తిండి గొడవ పెద్దదేం కాదు, వెజ్ వాళ్లకి చీజ్ నూడుల్సూ ఫ్రైసూ సూపూ దొరుకుతాయి, సూపులో మాంసం నీళ్లు పోశారేమో అడగండి. పులిహోర పట్టుకెళ్తే హోటల్ బల్లల మీద తీసి తినకండి, సొంత తిండి తినడానికి చాలాచోట్ల వేరే గది ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

తేదీ ఇంకా తేల్చుకోకపోతే క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వదిలేయండి, అప్పుడే అందరూ వస్తారు, రేట్లూ ఎక్కువ, క్లాసులో జనం ఎక్కువ. జనవరి 6 సెలవు దాటాక, అంటే మనకి భోగి మంటలకి కట్టెలు పోగేసే రోజుల్లో, అక్కడ కొండలు ఖాళీ అవుతాయి, మంచు కూడా డిసెంబర్ కన్నా మామూలుగా బాగుంటుంది. అమ్మానాన్నల టికెట్లు అప్పటిదాకా ఉంటే ట్రిప్ అప్పటికి పెట్టుకో బాబూ, స్కీయింగ్ చేసేవాళ్ల ఎత్తూ బరువూ పాదం సెంటీమీటర్లూ ఇప్పుడే రాసి పెట్టుకో, బుకింగ్‌లో అడుగుతారు.