యాప్ తీసేస్తే వివరాలు కూడా పోతాయా?

ప్రశ్న: బరువు తగ్గుదామని ఒక యాప్ పెట్టుకుని మూడు నెలలపాటు బరువు, నిద్ర, నెలసరి తేదీలు అన్నీ రాశాను. విసుగొచ్చి తీసేశాను. అయినా మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. 'నీ బరువు వాళ్లకెందుకే' అని మా వారు నవ్వుతున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఫోన్లోంచి తీసేస్తే పోయేది యాప్ ఒక్కటేనండీ, మీరు రాసినవన్నీ వాళ్ల సర్వర్లో ఉంటాయి. మెయిళ్ల కింద ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కినా ఆగేది మెయిళ్లే. ఖాతా డిలీట్ చెయ్యడం వేరే పని, ఆ బటన్ ఎక్కడుందో వెతికితే మీకే తెలుస్తుంది, 'అంగీకరిస్తున్నాను' అన్నదైతే మొదటి రోజే ఎంత పెద్దగా కనిపించిందో!

బరువు ఒక్కటే అయితే మీ వారన్నది నిజమే. కానీ నెలసరి తేదీ దాటిందని రాస్తే గర్భమేమోనని ఊహించడానికి డాక్టరు అక్కర్లేదు కదా. నెలసరి యాప్ 'ఫ్లో' ఇలాంటి వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీల అనలిటిక్స్ (యాప్ వాడకాన్ని విశ్లేషించే) విభాగాలకు చేరవేసిందని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపించింది, 2021లో ఆ కేసు రాజీతో ముగిసింది.

అలాగని వెంటనే డిలీట్ నొక్కెయ్యకండి. ముందు అడగండి. 'నా గురించి మీ దగ్గర ఏమేం ఉన్నాయి, ఎందుకు ఉంచుకున్నారు, ఎవరెవరికి ఇచ్చారు, కాపీ పంపండి' అని ప్రైవసీ పాలసీలో ఇచ్చిన చిరునామాకు, ఖాతా తెరిచిన మెయిల్ నుంచే రాయండి. డిలీట్ అయ్యాక అడిగితే 'మీ పేరుతో ఏమీ లేదు' అంటారు, అంతకుముందు ఎవరి చేతికి వెళ్లిందో ఇక తెలిసే దారి ఉండదు. గుర్తింపు కార్డు అడిగితే ఎందుకని అడగండి, లాగిన్ అయి ఉన్న మనిషికి కార్డెందుకు?

అడిగితే ఏం వస్తుందిలే అనుకోకండి. 2011లో మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా లా విద్యార్థి ఫేస్‌బుక్‌ని ఇలాగే అడిగితే 1,200 పేజీలకు పైగా వచ్చాయి, తను ఎప్పుడో డిలీట్ చేసిన మెసేజీలు కూడా అందులో ఉన్నాయి! మనకి వాళ్ల గురించి తెలిసింది ఒక లోగో, వాళ్లకి మన గురించి తెలిసింది ఒక పుస్తకం.

2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం మామూలుగా నెలలోగా జవాబివ్వాలి. తీవ్రమైన ఉల్లంఘనకు జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ పడొచ్చు. మీకు వర్తించే చట్టంలో గడువు ఎంతో చూసుకోండి.

కాపీ వచ్చాక ఖాతాతో పాటు వివరాలన్నీ తీసెయ్యమని, ఎవరికైతే ఇచ్చారో వాళ్లకూ ఆ మాట చెప్పమని రెండో మెయిల్ పెట్టండి. రెండు మెయిళ్లూ తేదీలతో సహా దాచుకోండి, జవాబు రాకపోతే ఆ చట్టం అమలు చూసే నియంత్రణ సంస్థకు పెట్టే ఫిర్యాదుకు జతచెయ్యాల్సినవి అవే.