కార్డు కంటే ముందు గోదాము: యుద్ధకాలపు బ్రిటన్‌లో రేషన్ ఎలా నిలబడింది?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో రేషన్ నిలబడింది, అదే రోజుల్లో అదే సామ్రాజ్యం కింద ఉన్న బెంగాల్ ఆకలికి ఎందుకు బలైందని అడిగారు. రేషన్ సరుకు లెక్కలు చూసే పనిలో ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

కార్డులు అచ్చువేయడం ఎవరికైనా చేతనవుతుంది. కార్డు మీద రాసిన కోటా ప్రతి వారం కొట్లో ఉండేలా చూడటమే అసలు పని. అందరికీ ఇవ్వగలమన్న ధీమా లేని వస్తువును రేషన్‌లో పెట్టకూడదని బ్రిటన్ ఆహార శాఖ గట్టిగా పట్టుబట్టింది. చేపలు యుద్ధమంతా రేషన్‌లోకి రాలేదు. ఇవాళ పడినన్ని రేపు పడవు, నిల్వ ఉండవు. అందుకే చేపల కొట్ల ముందు బారులు తీరేవారు. రేషన్ సరుకుకు మాత్రం మన వాటా మన పేరున ఉంటుంది కదా, తోసుకోవాల్సిన అవసరం తక్కువ.

1939 సెప్టెంబరు 29న ఇంటింటి లెక్క తీసి గుర్తింపు కార్డులిచ్చారు. ఆ లెక్క మీదే రేషన్ పుస్తకాలు తయారయ్యాయి. 1940 జనవరి 8న పంపిణీ మొదలైంది: మనిషికి వారానికి వెన్న 4 ఔన్సులు (సుమారు 113 గ్రాములు), బేకన్ (ఊరబెట్టిన పంది మాంసం) 4, పంచదార 12. తర్వాత పంచదార 8 ఔన్సులకు దిగింది. టీ పొడి 1940 జులైలో 2 ఔన్సులతో రేషన్‌లోకి వచ్చింది.

కుటుంబం ఒక కొట్టును ఎంచుకుని అక్కడ పేరు రాయించుకోవాలి. పుస్తకంలోని కౌంటర్‌ఫాయిల్‌ను, అంటే చించి ఇచ్చే చీటీ ముక్కను, దుకాణదారుడు చించుకుని స్థానిక ఆహార కార్యాలయానికి పంపుతాడు. అక్కడ ఆ ముక్కలు లెక్కపెట్టి, అంతమందికి సరిపడా సరుకు కొనుక్కోవడానికి పర్మిట్ ఇస్తారు. మన దగ్గర ఇప్పుడు ఈ-పాస్ యంత్రం ఉంది కాబట్టి ఏ డిపోలో తీసుకున్నా లెక్క తేలుతుంది. కాగితం రోజుల్లో అది కుదరదు. మనుషులను కొట్టుకు కట్టేయకపోతే ఒక చోట వెన్న మిగిలి పాడవుతుంది, పక్క వీధిలో నిండుకుంటుంది.

మాంసం సంగతి చూడండి, ఆ లెక్క వేసినవాళ్లకు నిజంగా దండం పెట్టాలి. 1940 మార్చి 11న దాన్ని తూకంతో కాక డబ్బుతో కొలిచారు: పెద్దవాళ్లకు వారానికి 1 షిల్లింగు 10 పెన్నీల విలువ. మెత్తటి ముక్క, ఎముకల ముక్క ఒకే తూకమంటే కొట్లాట తప్పదు. డబ్బుతో కొలిస్తే చవక ముక్క తీసుకున్నవాళ్లకు ఎక్కువ వస్తుంది, ఏ ముక్కా మిగలదు. ధరలను ప్రభుత్వం సబ్సిడీతో పట్టి ఉంచింది. కొనలేని ధరకు కార్డు ఇస్తే అది కాగితమే.

డబ్బా సరుకులు మనిషికో డబ్బా ఇచ్చేటన్ని లేవు. వాటికి 1941 డిసెంబరు 1న పాయింట్లు తెచ్చారు, మొదట మనిషికి నాలుగు వారాలకు 16. ఒక్కో సరుకుకు ఇన్ని పాయింట్లని ఉండేది. ఈ పాయింట్లను ఏ కొట్లోనైనా వాడుకోవచ్చు. నిల్వ తగ్గిన సరుకుకు పాయింట్లు పెంచేవారు, కదలని సరుకుకు తగ్గించేవారు.

బట్టల రేషన్ 1941 జూన్ 1న వచ్చింది, ఏడాదికి 66 కూపన్లు. మగవాళ్ల సూటుకే 26 పోతాయి. ముందే పొక్కితే జనం కొట్లు ఊడ్చేస్తారు. బట్టల కూపన్లు అచ్చుకిస్తే ప్రెస్సులోనే గుట్టు బయటపడుతుంది. అందుకని అప్పటికే అందరి చేతుల్లో ఉన్న ఆహార పుస్తకంలో వాడకుండా మిగిలిన మార్జరిన్ (వెన్నకు బదులు వాడే కొవ్వు) కూపన్లే మొదట బట్టలకు చెల్లుతాయన్నారు. చిన్న ఉపాయమే, కానీ దాంతో గుట్టు నిలిచింది.

రొట్టెను యుద్ధం సాగినంత కాలం ముట్టుకోలేదు. ఒళ్లు వంచి పనిచేసేవాడి కడుపు నింపేది అదీ, బంగాళాదుంపా. దాని బదులు 1942లో గోధుమ నుంచి 85 శాతం పిండి తీయాలన్నారు. రొట్టె ముదురు రంగులో ఉందని జనం సణిగినా, అదే గోధుమకు ఎక్కువ రొట్టె వచ్చింది, ఓడల్లో చోటు మిగిలింది. రొట్టెకు రేషన్ పెట్టింది యుద్ధం అయ్యాకే, 1946 జులై నుంచి 1948 జులై దాకా.

ఇక బెంగాల్. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయి బర్మా బియ్యం ఆగింది. ప్రభుత్వం గోదాములో గింజ పోగేయకుండా బియ్యానికి గరిష్ఠ ధర కట్టింది, బియ్యం బజారులోంచి మాయమైంది. పైగా శత్రువుకు చిక్కకూడదని తీర ప్రాంతాల్లో జనం బతుకుదెరువైన పడవలను లాక్కుంది. 1943 మార్చిలో ధర కట్టడి ఎత్తేస్తే రేటు కూలివాడికి అందకుండా పోయింది. బొంబాయిలో 1943 మే 2నే రేషన్ మొదలైతే, కలకత్తాలో 1944 జనవరి 31న గానీ రాలేదు. ఆలోపు లక్షల మంది చనిపోయారు. పల్లెల వాళ్లకు కార్డు ఊసే లేదు.

గోదాము నింపే పద్ధతిలోనూ న్యాయం ఉండాలి. హైదరాబాద్ సంస్థానంలో లెవీ పేరుతో చిన్న రైతు ధాన్యాన్ని బలవంతంగా కొలిపించుకున్నారు, దేశ్‌ముఖులు మాత్రం తప్పించుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో లెవీ మీద జనం తిరగబడింది అందుకే. మన ఊళ్లలో ఇప్పటికీ వినిపించే ‘కంట్రోలు బియ్యం’ అన్న మాట కూడా ఆ కట్టడి రోజుల నుంచి వచ్చిందే.