నార్వే నుంచి వచ్చిన ముత్తాతది ఏ ఊరో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మా ఆవిడ వాళ్ల ముత్తాతగారు 1880ల్లో నార్వే నుంచి మినెసోటా వచ్చారు. పేరు ఓలే ఆండర్సన్. ఇంతకుమించి ఏమీ తెలియదు. నార్వే రికార్డుల్లో ఆ పేరు కొడితే లెక్కలేనంత మంది వస్తున్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు:

ముందు నార్వే రికార్డులు పక్కన పెట్టండి. ఆ పేరుతో అక్కడ ఎంత వెతికినా లాభం లేదు. ఆండర్సన్ అంటే ఆయన తండ్రి పేరు ఆండర్స్ అని తెలుస్తుంది, అంతే. ఆయన చెల్లెలైతే ఆండర్స్‌డాటర్. ఆయన తండ్రి పేరు చివరన ఆయన తాత పేరుతో ఇంకేదో 'సెన్' (కొడుకు) ఉంటుంది. స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి చేస్తూ నార్వేలో చట్టం వచ్చింది 1923లో. అంతకుముందు పల్లెల్లో మనిషి ఆనవాలు మూడు ముక్కలు: సొంత పేరు, తండ్రి పేరు, ఉంటున్న కమతం పేరు. మన ఇంటిపేరు ఎక్కడికి వెళ్లినా వెంటే వస్తుంది. వాళ్ల కమతం పేరు అలా కాదు, కమతం మారితే పేరూ మారేది. ఇల్లరికం వెళ్లిన మగవాడికి కూడా అత్తవారి కమతం పేరే వచ్చేది. కాబట్టి మీరు వెతకాల్సింది ఆ కమతాన్ని, అది ఉన్న చర్చి పరిధిని.

అమెరికాలోని నోటర్ డామ్ యూనివర్సిటీకి ఒకప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ క్నూట్ రాక్నీని చూడండి. 1888 మార్చి 4న నార్వేలోని వోస్‌లో పుట్టి, ఐదేళ్లప్పుడు షికాగో వచ్చాడు. పుట్టినప్పటి పేరు క్నూట్ లార్సెన్ రోక్నె. తండ్రి లార్స్ క్నూట్సన్ రోక్నె, తల్లి మార్తా పీడర్స్‌డాటర్ యెర్మో. ఈ మూడు పేర్లలోనే ఎంత ఉందో గమనించండి. రోక్నె, యెర్మో రెండూ వోస్‌లోని కమతాలు. లార్స్ తండ్రి పేరు క్నూట్, మార్తా తండ్రి పేరు పీడర్. మనవడికి తాత పేరు పెట్టారు. పెద్ద కొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. తాతలిద్దరిదీ ఒకే పేరైతే బతికున్న అన్నదమ్ములిద్దరికీ అదే పేరు ఉండొచ్చు. బిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు పెట్టేవారు. 'నాకు ఓలే దొరికాడు' అనుకునే ముందు ఆ ఓలే పసితనంలోనే పోలేదని మరణాల పేజీలో చూసుకోండి.

రోక్నె లాంటి కమతం పేరు కుటుంబానికి మిగిలిందంటే అదృష్టమే. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ ఇంటిపేరు కూడా నార్వేలో ఫ్యార్లండ్‌లోని ముందాల్ నుంచే వచ్చింది. మీకు మిగిలింది ఆండర్సన్ కాబట్టి, కమతం పేరు అమెరికా కాగితాల్లోంచే బయటికి లాగాలి.

వాటన్నిట్లో గట్టిది ఆయన వెళ్లిన నార్వేజియన్ లూథరన్ చర్చి రిజిస్టరు. అది నార్వేజియన్ భాషలోనే ఉంటుంది. పెళ్లి దగ్గరో, మరణం దగ్గరో, సభ్యత్వం దగ్గరో పుట్టిన చోటు చాలాసార్లు రాసి ఉంటుంది. తర్వాత నార్వేజియన్ పత్రికల్లోని మరణ వార్తలు చూడండి. అయోవాలోని డెకోరా నుంచి 1874 మొదలు 1972 దాకా వచ్చిన డెకోరా-పోస్టెన్‌ను వదలొద్దు. 1900 అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం, దేశానికి వచ్చిన సంవత్సరం ఉంటాయి. 1890 లెక్కలు దాదాపు అన్నీ పోయాయి, వాటి మీద ఆశ వద్దు. 1906కి ముందు పౌరసత్వం తీసుకునుంటే ఆ కాగితంలో సాధారణంగా 'నార్వే' అన్న ముక్క తప్ప ఊరు ఉండదు. పైగా 1905 దాకా నార్వే, స్వీడన్ రెండు దేశాలకీ రాజు ఒక్కడే. 'స్వీడన్, నార్వే రాజుకి విధేయత వదులుకుంటున్నాను' అన్న వాక్యం చూసి ఆయన్ని స్వీడన్ మనిషిగా రాసేసుకున్న కుటుంబాలున్నాయి. ఎక్కడైనా 'బెర్గెన్' అనో 'ట్రాండ్‌హైమ్' అనో కనిపించినా సంబరపడకండి. అది ఓడ ఎక్కిన రేవు కావచ్చు, ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా కావచ్చు.

పుట్టిన తేదీ, తండ్రి పేరు, ప్రాంతం చేతికొచ్చాక నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల డిజిటల్‌ఆర్కివెట్ తెరవండి. పూర్తిగా ఉచితం. 1880ల్లో వచ్చిన మనిషికి 1865, 1875 జనాభా లెక్కలు కీలకం. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి సొంత పేరు, పుట్టిన సంవత్సరం, ప్రాంతం మాత్రమే ఇవ్వండి. పేరులో మొదటి రెండు అక్షరాలు Ol మాత్రం రాసి, తర్వాత నక్షత్రం గుర్తు పెడితే (Ol*) ఓలే, ఓలా, ఓలాఫ్ అన్నీ వస్తాయి. ఒక మెలిక: 1865లో వయసు నడుస్తున్న ఏడుతో కలిపి రాశారు. 20 అని ఉంటే ఇరవయ్యో ఏడు నడుస్తోందని. లెక్క తీసింది డిసెంబరు 31న కాబట్టి ఆయన పుట్టింది 1846లో. నేరుగా తీసివేత చేసి 1845 బాప్తిస్మాల్లో వెతికేవాళ్లకు ఏమీ దొరకదు.

జనాభా లెక్క ఇచ్చేది ఆచూకీ మాత్రమే. రుజువు చర్చి పుస్తకంలో ఉంటుంది. నా మట్టుకు బాప్తిస్మం కంటే కన్ఫర్మేషన్ పేజీ ముందు చూడమంటాను. పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు తమ విశ్వాసాన్ని చర్చిలో స్వయంగా ధ్రువపరిచే వేడుక అది, సుమారు పదిహేనేళ్ల వయసులో జరిగేది. ఒకే వరుసలో పిల్లవాడి పేరు, తల్లిదండ్రులు, కమతం, పుట్టిన తేదీ, వాక్యజ్ఞానం మీద పాస్టరుగారి అభిప్రాయం, మశూచి టీకా వేసిన తేదీ ఉంటాయి. ఆ వయసుదాకా బతికి ఉన్నట్టు కూడా దాంతోనే తేలిపోతుంది. చేతిరాత గోతిక్. అందులో 'e' అక్షరం 'n' లాగా కనిపిస్తుంది. 'u' మీద చిన్న వంపు గీత ఉంటుంది, దాన్ని పట్టుకుంటే మిగతా అక్షరాలు తేలికవుతాయి. తేదీలో 7 పక్కన 'br' అని ఉంటే అది జులై కాదు, సెప్టెంబరు. 8 అక్టోబరు, 9 నవంబరు, 10 డిసెంబరు. ఈ ఒక్క పొరపాటు వల్ల ఎన్ని వంశవృక్షాల్లో తప్పుడు తేదీలు తిరుగుతున్నాయో!

ఆ తర్వాత అదే చర్చి పుస్తకంలో ఊరు విడిచి వెళ్లినవాళ్ల జాబితా, పోలీసుల వలస రిజిస్టర్లు చూడండి. క్రిస్టియానియా, అంటే ఇప్పటి ఓస్లో, ట్రాండ్‌హైమ్ రిజిస్టర్లు 1867 నుంచి, బెర్గెన్‌ది 1874 నుంచి ఉన్నాయి. పేరు, వయసు, చివరి నివాసం, వెళ్లే చోటు వాటిలో ఉంటాయి. నార్వే నుంచి న్యూయార్క్‌కి నేరుగా ఓడ కనబడకపోతే కంగారు పడొద్దు. 1880ల్లో చాలామంది ఇంగ్లండ్‌లోని హల్‌లో దిగి, రైల్లో లివర్‌పూల్ వెళ్లి, అక్కడ పెద్ద ఓడ ఎక్కారు. అంతకుముందు తెరచాప ఓడల కాలంలో వచ్చినవాళ్లలో చాలామంది దిగింది క్యుబెక్‌లో.

న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారి పేరు మార్చేశాడన్న కథ దయచేసి ఇక మానండి. ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో, మీవాళ్లు అప్పటికే వచ్చేశారు. అసలు అక్కడి అధికారులు చూసింది ఓడ బయల్దేరిన రేవులో తయారైన జాబితా. పేరు మార్చుకున్నది వలస వచ్చినవాళ్లే. ఆ ఊళ్లో ఆండర్సన్‌లు ఎక్కువైపోతే ఉత్తరాలు తప్పు ఇంటికి పోతాయని అన్నదమ్ముల్లో ఒకరు కమతం పేరు, ఇంకొకరు తండ్రి పేరు పెట్టుకునేవారు. అందుకే మినెసోటాలో ఆయన తోబుట్టువులు ఎవరో తేలితే వాళ్ల కాగితాలూ చూడండి. ఓలే దగ్గర దొరకని కమతం పేరు ఆ తమ్ముడి సమాధి రాయి మీద ఉండొచ్చు.

ఇంటర్నెట్లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని మాత్రం చర్చి పేజీ చూడకుండా దించుకోకండి. డిజిటల్‌ఆర్కివెట్‌లో ప్రతి పేజీ చిత్రానికి శాశ్వత లింకు ఉంటుంది. దాన్ని, కమతం పేరుని, చర్చి పరిధిని కలిపి రాసుకోండి. కమతం పేరు తేలాక ఆ ప్రాంతపు బిగ్డెబోక్ కోసం అడగండి. కమతం వారీగా ఎవరు ఎప్పుడు ఉన్నారో రాసిన స్థానిక చరిత్ర పుస్తకమది. నార్త్ డకోటా యూనివర్సిటీ గ్రాండ్ ఫోర్క్స్ లైబ్రరీలో వీటి పెద్ద సేకరణ ఉంది, మినెసోటా సరిహద్దు దాటితే చాలు.