షెడ్డులో బగ్గీ, కాలేజీలో అరియర్లు: అంబత్తూరు తండ్రికి సమాధానం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పద్దెనిమిదేళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాము. మా అబ్బాయి ఇక్కడే ఒక ప్రైవేటు కళాశాలలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్ల క్రితం పాత మారుతి జిప్సీ జీపు ఒకటి కొని, మొత్తం విప్పేసి, పైపులతో చట్రం కట్టి, బండరాళ్లు ఎక్కే బగ్గీగా మార్చాడు. 35 అంగుళాల టైర్లు వేశాడు, వెనక డిఫరెన్షియల్‌లో లాకర్ అనేదేదో బిగించాడు. గత నెలలో వెనక యాక్సిల్ షాఫ్ట్ విరిగింది. ఇప్పుడు పోర్టల్ యాక్సిళ్లు, హైడ్రాలిక్ స్టీరింగ్ పెట్టాలని 4 లక్షలు అడుగుతున్నాడు. మూడు అరియర్లు (తప్పి, మళ్లీ రాయవలసిన పరీక్షలు) మిగిలి ఉండగా, చదువు మానేసి ఇలాంటి బళ్లు కట్టే గ్యారేజీ పెడతానంటున్నాడు. బండి అమ్మించేయమంటారా? ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం: బండి అమ్మించవద్దు. అడిగిన డబ్బు కూడా ఇప్పుడే ఇవ్వవద్దు. ఈ రెండింటికీ కారణం ఆ విరిగిన షాఫ్టే కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. అంతకు ముందు గ్యారేజీ సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను.

కాలిఫోర్నియాలోని జాన్సన్ వ్యాలీలో 2007లో మొదలైన కింగ్ ఆఫ్ ది హ్యామర్స్ వంటి, రాళ్ల మీద బళ్లు నడిపే పోటీల చుట్టూ అమెరికాలో ఒక పరిశ్రమే ఏర్పడింది. మన దేశంలో 2014లో గోవాలో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ ఇండియా వంటి ఆఫ్‌రోడ్ పోటీలు ఉన్నప్పటికీ, కేవలం రాళ్లెక్కే బగ్గీలు కట్టించుకునేవారు చాలా కొద్దిమంది. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాటను స్పష్టం చేసింది. మీ అబ్బాయి బగ్గీ రోడ్డెక్కరాదు. రాళ్ల దగ్గరకు లారీ మీదే వెళ్లాలి. ఇటువంటి పునాది మీద డిగ్రీ వదులుకొని వ్యాపారం పెట్టమని నేను ఏ ఇంటి పిల్లవాడికీ చెప్పలేను.

ఇక షాఫ్ట్ విషయం. డిఫరెన్షియల్ అంటే యాక్సిల్‌లోని రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల పెట్టె; అక్కడి నుంచి చక్రానికి ఆ బలాన్ని మోసుకుపోయే కడ్డీయే షాఫ్ట్. రాళ్లెక్కే బండికి వేగంతో పని లేదు; ఇంజను తిప్పే బలాన్ని ఎన్ని రెట్లు పెంచి చక్రానికి అందిస్తున్నామన్నదే ముఖ్యం. ఆ లెక్క చాలా సులభం. మాన్యువల్ గేర్ల మారుతి జిమ్నీ జీపును ఉదాహరణగా తీసుకుంటే, గేరు నిష్పత్తులు ఇవి: మొదటి గేరు 4.425, ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే పెట్టె) లో రేంజ్ 2.002, యాక్సిల్‌లో 4.090. ఈ మూడింటినీ గుణిస్తే సుమారు 36 వస్తుంది, అంటే ఇంజను 36 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. కంపెనీ ఇచ్చే టైరు ఎత్తు దాదాపు 27 అంగుళాలు. దాని స్థానంలో 35 అంగుళాల టైరు వేసి గేర్లను అలాగే ఉంచితే, ఆ 36 విలువ ఆచరణలో 28 దగ్గరకు పడిపోతుంది. తగ్గిన బలాన్ని భర్తీ చేయడానికి నడిపేవాడు క్లచ్‌ను జార్చుతూ యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కుతాడు. లాకర్ లేని డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాలిలోకి లేస్తే అది ఊరికే తిరుగుతుంది, షాఫ్ట్ బతికిపోతుంది. రెండు చక్రాలనూ బిగించి ఒకేలా తిప్పే లాకర్ ఉంటే ఆ యాక్సిల్‌కు వచ్చిన బలమంతా రాయిని పట్టుకున్న ఒక్క చక్రం వైపు షాఫ్ట్ మీదే పడుతుంది. పెద్ద టైరు, మారని గేర్లు, లాకర్, ఒక్క ఉదుటున తొక్కుడు: ఈ నాలుగూ కలిసిన చోట పాత షాఫ్ట్ విరగడంలో వింతేమీ లేదు. జిప్సీ అంకెలతో ఈ లెక్కను మీ అబ్బాయి చేత చేయించండి. నేను చేసి ఇవ్వను.

లెక్క చేస్తే అతనికి ఒక విషయం తెలుస్తుంది. పోర్టల్ యాక్సిల్ అడగడం తెలివితక్కువతనం కాదు. అందులో చక్రం దగ్గరే గేర్లు ఉండి యాక్సిల్‌ను నేల నుంచి పైకి లేపుతాయి. అక్కడే మరికొంత గేరు తగ్గింపు దొరుకుతుంది కాబట్టి ఆ గేర్లకు బలం అందించే షాఫ్ట్ మీద భారం తగ్గుతుంది. అయితే అదే షాఫ్ట్‌ను కాపాడడానికి యాక్సిల్‌లో గేరు నిష్పత్తి మార్చడం, మెరుగైన ఉక్కుతో షాఫ్ట్ చేయించడం అనే చౌక మార్గాలు కూడా ఉన్నాయి. ఈ మూడింటినీ ఖర్చు, బరువు, బలం వారీగా ఒక్క కాగితం మీద పోల్చి రాయగలిగిన రోజున డబ్బు గురించి మాట్లాడుకోవచ్చు. హైడ్రాలిక్ స్టీరింగ్ మాట అప్పటిదాకా ఎత్తవద్దనండి.

మీరు పంపిన నాలుగో ఫొటోలో, డ్రైవరు తల వెనక రెండు పైపులు కలిసేచోట, వెల్డింగును గ్రైండరుతో నున్నగా చెక్కి పైన నల్ల రంగు వేసినట్లు కనిపిస్తోంది. చూడడానికి అందంగానే ఉంది. కానీ బండి దొర్లినప్పుడు ప్రాణం కాపాడవలసిన అతుకు అది; అందం కోసం చెక్కితే అతుకులోని లోహమే తగ్గిపోతుంది, లోపల పట్టు ఎంత దిగిందో పరీక్షించేవారికి అంతు చిక్కదు. దాని పక్క అతుకులో పైపు చివరను గుండ్రంగా కోయకుండా, సందును వెల్డింగుతోనే నింపినట్లు అనుమానంగా ఉంది. ఆ అతుకులు సరిచేసేదాకా బండిని రాళ్ల మీదికి పోనివ్వవద్దు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు తండ్రిగా గట్టిగా ఉండండి.

నాకు కనిపిస్తున్న దారి ఇది. మొదట అరియర్లు పోవాలి, ఎందుకంటే ప్రాంగణ ఎంపికలకు వచ్చే చాలా కంపెనీలు అరియరు మిగిలి ఉన్నవారిని గది లోపలికే రానివ్వవు. ఆపైన, ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా బగ్గీ కట్టి పాల్గొనే, 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీకి వెళ్లే జట్టు మీ కళాశాలలో ఉంటే అతడు అందులో చేరాలి, లేకపోతే కట్టాలి. అక్కడ బగ్గీ నాలుగు గంటలు ఆగకుండా పరుగెత్తడం ఒక్కటే చాలదు. ప్రతి పైపు ఎందుకు అంత మందం ఉందో, ఎంత ఖర్చయిందో న్యాయనిర్ణేతల ఎదుట వివరించాలి. షెడ్డులో ఒంటరిగా పనిచేసేవాడికి దొరకని చదువు అదే. సెలవుల్లో తిరుచ్చిలోని వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శిక్షణల గురించి విచారించండి. మీరు ఇవ్వదలచిన మొదటి పది, ఇరవై వేలు అక్కడ ఖర్చయితే నేను సంతోషిస్తాను.

డిగ్రీ చేతికి వచ్చాక చెన్నైలో ఉన్నవాడికి ఊరు మారవలసిన అవసరం కూడా ఉండకపోవచ్చు. చెంగల్పట్టు దారిలో మహీంద్రా కంపెనీ వాహన పరిశోధన కేంద్రం మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ ఉంది. ఒరగడంలో వాహనాలను పరీక్షించే గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ ఉంది. పై చదువు కావాలంటే క్రోంపేటలో 1949లో స్థాపించిన ఎం.ఐ.టి.లో (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) ఆటోమొబైల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. సస్పెన్షన్, చట్రం, మన్నిక పరీక్షల విభాగాలలో పనిచేసేవారికి రోజూ ఎదురయ్యే ప్రశ్న మీ అబ్బాయికి గత నెలలోనే ఎదురైంది: ఇది ఎందుకు విరిగింది? పాత వాహన భాగాలు అమ్మే పుదుపేటలో ఏ కొట్లో ఏ పాత సామాను దొరుకుతుందో, ఎంతకు బేరం తెగుతుందో అతనికి కంఠతా వచ్చునని మీరు కాస్త విసుగ్గా రాశారు. విడిభాగాలు సేకరించే విభాగాలలో దానికీ విలువ ఉంది.

వచ్చే శనివారం ఇద్దరూ కలిసి రండి. షాఫ్ట్ రెండు ముక్కలూ తీసుకురమ్మనండి. విరిగిన ముఖాలను ఒకదానికొకటి ఆనించి చూడవద్దని, తీగ బ్రష్‌తో రుద్దవద్దని, తుప్పు పట్టకుండా కాస్త నూనె రాసి విడివిడిగా గుడ్డలో చుట్టమని చెప్పండి. షాఫ్ట్ చివరి పళ్లు మెలితిరిగి అడ్డంగా తెగి ఉంటే ఒక్క దెబ్బకు విరిగినట్లు. ఒక మూల నుంచి గీతలు గీతలుగా వ్యాపించి నున్నటి భాగం కనిపిస్తే నెలల తరబడి పగులుతూ వచ్చినట్లు. అది ఏదో నాకు చెప్పవలసినవాడు అతడే.