చివరి లైన్ ఒక్కటే ఎందుకు మ్యాచ్ అవుతోంది?

ప్రశ్న: పైథాన్‌లో టెక్స్ట్ ఫైల్ లైన్ లైన్‌గా చదివి పేర్లు వెతుకుతున్నానండి, చివరి లైన్ తప్ప ఏదీ మ్యాచ్ అవ్వట్లేదు, ఎందుకు?

జవాబు: చదివిన ప్రతి లైన్ చివర న్యూలైన్ క్యారెక్టర్ (లైన్ అయిపోయిందని చెప్పే కనపడని గుర్తు) ఉండిపోతుందండి, మీ ఫైల్లో చివరి లైన్‌కి అది లేనట్టుంది, అందుకే అదొక్కటి కలిసింది. పోల్చే ముందు స్ట్రిప్ (strip, రెండు చివర్లా ఉన్న ఖాళీలు, న్యూలైన్లు తీసేసేది) కొట్టండి, ఖాళీ లైన్లు వదిలేయండి. కానీ ట్యాబ్‌తో విడదీసిన కాలమ్స్ ఉంటే మామూలు స్ట్రిప్ అస్సలు వద్దు, చివర్లో ఖాళీగా ఉన్న కాలమ్స్ కూడా ఎగిరిపోతాయి, అక్కడ కుడి చివర మాత్రమే తీసే ఆర్‌స్ట్రిప్‌కి (rstrip) న్యూలైన్ ఒక్కటే ఇవ్వండి. ఇంత చేశాక మొదటి లైన్ మొండికేస్తే అది ఫైల్ మొదట్లో ఉండే బీఓఎమ్ (BOM) అనే కనపడని గుర్తు అయ్యుంటుంది, స్ట్రిప్‌కి పోదు, ఫైల్ ఓపెన్ చేసేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) అని పెట్టండి, అది ఆ గుర్తుని తీసేస్తుంది. డౌటొస్తే లైన్‌ని రెప్ర్ (repr) అనే పైథాన్ ఫంక్షన్‌తో ప్రింట్ చేయండి, దాక్కున్న క్యారెక్టర్లు బయటపడతాయి. క్లీన్ చేసింది మాత్రం వేరే ఫైల్లో రాసుకోండి, ఒరిజినల్ ముట్టుకోవద్దు.